నీళ్ళ సీసాతో వచ్చిన బండి

అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఆ ఆకుపచ్చ ఎస్‌యూవీని ఎరగని తెలుగువాళ్ళు లేరు. ఏడు సీట్ల బండి, 2001 మోడలు. మొదట రామమోహన్ కొన్నాడు. ప్రాజెక్టు అయిపోయి బాతెల్ వెళ్తూ శ్రీధర్‌కి అమ్మాడు. శ్రీధర్ ఏడాదిన్నర నడిపి, ఆష్‌బర్న్ వెళ్తూ అమర్‌నాథ్‌కి అమ్మాడు. కాంట్రాక్టు ఉద్యోగాల మీద వచ్చిన మనవాళ్ళలో ఇది మామూలే. ఒక కుటుంబం ఊరు వదుల్తుందంటే సోఫా, గ్రైండరు, మంచాలు, సగం వాడిన బియ్యం బస్తా, కారు అన్నీ కలిపి వెనకొచ్చిన కుటుంబానికి అప్పజెప్పేస్తారు. అమ్మేవాళ్ళు ఏమీ దాచరు, కొనేవాళ్ళు ఏమీ అడగరు. ఇద్దరికీ ఆరు నెలలకి మించి ముందుచూపు ఉండదు మరి.

తాళాలిచ్చిన రోజున శ్రీధర్ డిక్కీ తెరిచి అమర్‌నాథ్ భార్యకి రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా ఒకటి చూపించాడు. నిండా కుళాయి నీళ్ళు.

"ఇది బండిలోనే ఉంచండి మహేశ్వరి గారూ. అప్పుడప్పుడూ ఇంజన్ హీట్ చూపిస్తుంది. బానెట్ కింద తెల్ల డబ్బా ఉంటుంది, అందులో నీళ్ళు పోస్తే సెట్ అయిపోతుంది. ఇంక వేరే ప్రాబ్లమ్ ఏం లేదు. రామమోహన్ కూడా ఇలాగే చేసేవాడట."

ఆ సీసా కూడా రామమోహన్ నాటిదే. అట్లపెనం చేతులు మారినట్టే అదీ చేతులు మారింది.

అమర్‌నాథ్ భార్య పేరు ఉమామహేశ్వరి. అందరూ మహేశ్వరి అంటారు. కాకినాడలో ఎముకల వార్డులో నాలుగేళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేసింది. తుంటి విరిగిన ముసలమ్మలు 'నా వల్ల కాదే తల్లీ' అని ఏడుస్తుంటే ఏడవనిచ్చి, ఆ ఏడుపులోనే రెండడుగులు వేయించే రకం. అలాంటి మనిషి అమెరికా వచ్చి, భర్త వీసా మీద ఆధారపడ్డ, ఉద్యోగానికి వీల్లేని వీసాలో మూడేళ్ళుగా ఇంట్లో కూర్చుంది. చేతికి పని లేకపోవడం ఆమెకి అవమానంగానే ఉండేది. పైకి అనేది కాదు, అంతే.

ఇక్కడ ఆ పని చేయాలంటే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. పాసైతే ఏదైనా ఆసుపత్రి ఆమె పేరు మీదే వీసా వేస్తుంది. చదువు పత్రాలన్నీ సరిచూసి బోర్డువాళ్ళు పరీక్షకి అనుమతి ఇచ్చారు. రెండుసార్లు తారీఖు తీసుకుంది. రెండుసార్లూ అమర్‌నాథ్ 'మార్చిలో ప్రాజెక్ట్ అయిపోతోంది, వేరే స్టేట్‌కి వెళ్ళిపోతాం, అక్కడ రాద్దువుగాని' అన్నాడు. రెండుసార్లూ మార్చి వచ్చింది, ప్రాజెక్టు పెరిగింది, వాళ్ళు అక్కడే ఉన్నారు. ఈసారి అనుమతి ఫిబ్రవరి నెలాఖరుతో చెల్లిపోతుంది. మళ్ళీ మొదట్నుంచి పత్రాలు పంపుకోవాలంటే ఏడాది. 2009 ఫిబ్రవరి పది, పొద్దున ఎనిమిదింటికి, లిటిల్ రాక్‌లో పరీక్ష. ఇంటినుంచి రెండువందల పది మైళ్ళు, మధ్యలో కొండలు. ఉన్నది ఆ బండి ఒక్కటే.

ఈ 'మార్చిలో వెళ్ళిపోతాం' అన్న మాట ఆ ఇంట్లో ఎంత పాతుకుపోయిందంటే, దాని పేరు చెప్పి వాళ్ళు గోడకి మేకు కూడా కొట్టలేదు. జయంతి అనే స్నేహితురాలు ఏటా వేసవిలో కరివేపాకు పిలక ఇస్తానంటుంది. మహేశ్వరి ఏటా వద్దంటుంది. మార్చిలో వెళ్ళేవాళ్ళకి మొక్కెందుకు?

జనవరి రెండో తారీఖున సంగతి బయటపడింది. వైపర్ బ్లేడ్లు అరిగిపోతే కొనడానికి మహేశ్వరి కారు విడిభాగాల కొట్టుకి వెళ్ళింది. దారిలో ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచిందని, కొట్టు ముందే బానెట్ ఎత్తి సీసాతో నీళ్ళు పోస్తోంది. లోపల్నుంచి కౌంటర్ దగ్గరి ఆవిడ, డోనా అని చొక్కా మీద పేరుంది, పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎన్నాళ్ళుగా నీళ్ళు పోస్తున్నావు హనీ?"

మహేశ్వరి లెక్కపెట్టింది. ముగ్గురు యజమానులు, ఐదేళ్ళు.

డోనా చిన్న గాజు గొట్టం తెచ్చి ఆ డబ్బాలోంచి కాస్త పీల్చింది. గొట్టంలో ఐదు రంగు గోళీలున్నాయి. ఇంజన్‌ని చల్లబరుస్తూ చలికి గడ్డకట్టకుండా ఉండే కూలెంట్ ద్రవం సరిగ్గా ఉంటే అవి తేలాలి. ఒక్కటీ తేలలేదు.

"ఇది కూలెంట్ కాదు, వట్టి నీళ్ళు. గడ్డకట్టే చలి రెండు రోజులుంటే లోపలే ఐసై, వ్యాకోచించి, ఇంజన్‌ని పగలగొడుతుంది. ఈ నెలాఖరుకి ఐస్ తుపాను అంటున్నారు."

మహేశ్వరికి ఒళ్ళు మండింది. శ్రీధర్ మీద కాదు, తన మీదే. కాకినాడలో ఎవరైనా మోకాలు నొప్పికి ఐదేళ్ళు మాత్రలు మింగుతూ వస్తే, నొప్పి ఎందుకొస్తోందో చూపించుకోవాలని తెలీదా అని కేకలేసేది. ఇక్కడ తనే ఐదో ఏడు కూడా మాత్ర వేసింది. బ్లేడ్లతో పాటు రెండు క్యాన్ల కూలెంట్, ఆ గోళీల గొట్టం కొనుక్కుని వచ్చింది.

"మార్చి దాకా నడిస్తే చాలు కదా," అన్నాడు అమర్‌నాథ్. మంచివాడే. ఒక సాయంత్రం కూడా భార్యని చులకన చేసి ఎరగడు. కాని ఎక్కడ దిగినా సూట్‌కేసు పూర్తిగా విప్పని మనిషి. "అమ్మేసే బండికి ఇవన్నీ ఎందుకు మహీ?"

"మూడేళ్ళుగా ఈ మాట వింటున్నానండీ. మార్చి మీకు వస్తుందో రాదో నాకు తెలీదు. ఫిబ్రవరి పది మాత్రం వస్తుంది. ఈ బండి నన్ను లిటిల్ రాక్ తీసుకెళ్ళాలి, తీసుకురావాలి. అంతవరకూ ఇది అమ్మేసే బండి కాదు."



అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు పనులు చేయకూడదని రూలుంది. అందుకని శనివారం కొండల్ రావు గారింటికి వెళ్ళింది. జయంతి భర్త ఆయన. ఆ ఊరి తెలుగువాళ్ళలో సొంతిల్లు కొన్న మొదటి మనిషి. ఆ పాపానికి, ఊరొదిలి వెళ్ళినవాళ్ళ పెట్టెలన్నీ 'మళ్ళీ వచ్చి తీసుకుంటాం' అన్న మాట మీద ఆయన గరాజ్‌లో పేరుకుపోయాయి. తన వ్యాన్ మాత్రం ఎండకీ వానకీ బయటే ఉంటుంది.

"గింత పని ఎందుకు పెట్టుకున్నవమ్మా?" అన్నారు ఆయన, టీ కప్పుతో మెట్ల మీద కూర్చుని. "మా జగిత్యాల్ల ట్రాక్టర్ల నీళ్ళే పోస్తుంటిమి. నా వ్యాన్‌ల కూడ నీళ్ళే. ఏమైతది?"

"జగిత్యాల్లో ఐస్ పడదు కదన్నయ్యా. మీ వ్యాన్‌ది కూడా చూడనా? ఈ గొట్టంతో ఒక్క నిమిషం."

"నా బండికేం గాదులే. నువ్వు నీది చూస్కో."

ఆమె చల్లారిన ఇంజన్ కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి, రేడియేటర్ అడుగు మర విప్పింది. తుప్పు రంగు నీళ్ళు వచ్చాయి, బురదకాలువలోవి లాగా. డిస్టిల్డ్ వాటర్ పోసి, హీటర్ పూర్తిగా పెట్టి నడిపి, చల్లారనిచ్చి, మళ్ళీ వంపింది. రెండుసార్లు కడిగాక మూడోసారి తేటగా వచ్చింది. అప్పుడు సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి నింపింది. కూలెంట్ తియ్యగా ఉంటుందట, కుక్కలు నాకి చచ్చిపోతాయట. వంపిన నీళ్ళలో పాత కూలెంట్ కాస్తయినా ఉంటుందని, ఒక్క చుక్క కూడా కింద పోనీయకుండా క్యాన్లలో పట్టి రీసైక్లింగ్ సెంటర్‌కి ఇచ్చి వచ్చింది. గొట్టంలో ఐదు గోళీలూ తేలాయి. అప్పుడు ఆమె కొండల్ రావు గారి డ్రైవ్‌వే మీద నిలబడి చిన్నపిల్లలా నవ్వింది.

ఆ మొదలుపెట్టడమే, ఇంక ఆగలేదు. బ్యాటరీ మీది తెల్ల పొడిని వంటసోడా నీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో గీకింది. పసుపుబారిన హెడ్‌లైట్ల అద్దాలని టూత్‌పేస్ట్‌తో తోమింది. గ్లవ్ బాక్స్ వెనక గాలి వడపోసే ఫిల్టర్ ఒకటుంటుందని మాన్యువల్‌లో చదివి లాగితే, బొగ్గులా నల్లబడి, ఎండిన కరివేపాకు రెమ్మతో సహా వచ్చింది. ఎవరి కాలం నాటిదో. నున్నగా అరిగిన టైర్లు తీయించి, మంచులో కూడా పట్టుండే రకం నాలుగూ వేయించింది. వెనక సీట్లలో సినిమాలు చూడ్డానికి వేసవిలో అమర్‌నాథ్ కొందామన్న డీవీడీ తెరల డబ్బులు అవి. కూతురు నమ్రత మాత్రం రెండు రోజులు అలిగింది.

వీటన్నిటినీ గుర్తుపెట్టుకోవడానికి మహేశ్వరి ఒక పద్ధతి పెట్టింది. వాళ్ళమ్మ ఏటా కాకినాడ నుంచి పంపే తెలుగు క్యాలెండరు వంటింటి ఫ్రిజ్ మీద ఉంటుంది. పౌర్ణమికి టైర్ల గాలి. అమావాస్యకి కూలెంట్, బ్రేక్ ఆయిల్. ఏకాదశులకి డిప్‌స్టిక్ తీసి ఇంజన్ ఆయిల్ చూడటం. ఇంగ్లీషు తారీఖులు మర్చిపోతుంది కాని తిథులు చిన్నప్పట్నుంచీ ఒంట్లో ఉన్నాయి.

"బండికి నోము పట్టావా ఏంటి?" అన్నాడు అమర్‌నాథ్.

"పట్టాను. ఉద్యాపన లిటిల్ రాక్‌లో."

కాని అసలు జబ్బు ఇంకా దొరకలేదు. నీళ్ళు తగ్గుతున్నాయంటే ఎక్కడికో పోతున్నట్టే. వట్టి నీళ్ళయితే కారినా ఆరిపోతాయి, ఆనవాలుండదు. కూలెంట్ అలా కాదు, రంగుంటుంది. బియ్యం వచ్చిన అట్టపెట్టె విప్పి రాత్రి బండి కింద పరిచింది. తెల్లారి చూస్తే అట్ట మీద, ఇంజన్‌కి కుడిపక్క, రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ మరక.

పక్క ఊరు రోజర్స్‌లో చిన్న షాపు నడిపే మెకానిక్ డేల్ ఆ అట్ట చూసి తలూపాడు. కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ కారుతోంది. ఆ పంపుని తిప్పేది టైమింగ్ బెల్ట్. అది రబ్బరు పట్టీ, తొంభై వేల మైళ్ళకి మార్చాలి. నడుస్తుండగా తెగితే ఇంజన్ లోపల సామానంతా ఒకదానికొకటి కొట్టుకుని విరుగుతుంది.

"ఇది లక్షా ఎనిమిది వేలు నడిచింది. బెల్ట్ ఎప్పుడు మార్చారు?"

మహేశ్వరి ఆష్‌బర్న్‌కి ఫోన్ చేసింది.

"మా టైమ్‌లో ఏ ప్రాబ్లమ్ రాలేదండీ," అన్నాడు శ్రీధర్.

"బెల్ట్ మార్పించారా?"

"సిక్స్ మంత్స్‌లో వెళ్ళిపోతాం కదా అని... రామమోహన్‌ని అడగండి."

బాతెల్‌కి చేసింది. రామమోహన్ కూడా అదే మాట, అదే గొంతుతో అన్నాడు. మహేశ్వరి ఫోన్ పెట్టేసింది. వాళ్ళని తిట్టాలనిపించింది. కాని వాళ్ళ చోట తనున్నా అదే చేసేదని తెలుసు. మూడు కుటుంబాలు, ఎవరికి వారు వెళ్ళిపోయేవాళ్ళే, అందరి పిల్లలూ ఆ బెల్ట్ మీదే ఊరేగారు.

డేల్ జనవరి ఇరవై ఎనిమిదికి తారీఖిచ్చాడు. ఇరవై ఆరు సాయంత్రం ఐస్ మొదలైంది. మర్నాటికి చెట్లు చెట్లే విరిగి తీగల మీద పడ్డాయి. ఊరంతా కరెంటు పోయింది. అమర్‌నాథ్ కుటుంబం, ఇంకో రెండు కుటుంబాలు, గ్యాస్ చలిమంట ఉన్న కొండల్ రావు గారింట్లో చేరాయి. కుక్కర్లు, దుప్పట్లు, పిల్లలు అన్నీ ఒకే హాల్లో.

మూడో రోజు పొద్దున జయంతి బీపీ మాత్రలు అయిపోయాయి. కొండల్ రావు గారు వ్యాన్ తీయబోయారు. ఇంజన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. బానెట్ ఎత్తితే రేడియేటర్ నిలువునా చీలి ఉంది.

పక్కనే ఆకుపచ్చ బండి తాళం తిప్పగానే అందుకుంది. మహేశ్వరి హీటర్ పెట్టి, ఐస్ గీకి, నెమ్మదిగా నడుపుకుంటూ తెరిచి ఉన్న ఒకే ఒక్క మందుల షాపుకి వెళ్ళి వచ్చింది. ఆ వారం మూడు కుటుంబాలకి పాలు, రొట్టె, డైపర్లు అన్నీ ఆ బండే తెచ్చింది.

"గొట్టం పెట్టి చూస్తనన్నవు," అన్నారు కొండల్ రావు గారు, మాత్రలు అందుకుంటూ. "నేనే వద్దంటి. తప్పు నాదేనమ్మా."

తుపాను వల్ల డేల్ షాపు కూడా మూతబడింది. తెరిచాక వరసలో అతనివ్వగలిగిన తారీఖు ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం. పరీక్షకి ముందు రోజు.

"అద్దె కారు తీసుకో మహీ," అన్నాడు అమర్‌నాథ్. ఫోన్ చేస్తే, తీగలు కట్టడానికి వచ్చిన కరెంటు పనివాళ్ళు ఉన్న అద్దె కార్లన్నీ తీసేసుకున్నారని తేలింది. తుపానుతో ఆగిన ఆఫీసు పని మొత్తం అదే వారం మీద పడింది, అతనికి సెలవు లేదు. "పోనీ ఇలాగే వెళ్ళిరా. ఇన్నాళ్ళు నడిచింది, ఇంకో నాలుగొందల మైళ్ళు నడవదా?"

"నడుస్తుందేమో. కొండ మధ్యలో తెగుతుందేమో. ఇన్నాళ్ళు నడిచింది కాబట్టి నడుస్తుందని నేను రోగికి కూడా చెప్పను."

"తొమ్మిదిన వాడు పూర్తి చేయకపోతే?"

"చేసేదాకా అక్కడే కూర్చుంటాను."

నిజంగానే కూర్చుంది. సోమవారం ఏడింటికి షాపు తలుపు తీసేసరికే గుమ్మంలో ఉంది. నమ్రతని జయంతికి అప్పజెప్పి, ప్లాస్టిక్ కుర్చీలో నోట్సు ఒళ్ళో పెట్టుకుని, పులిహోర డబ్బా పక్కన పెట్టుకుని చదువుతూనే ఉంది. కొత్త పంపు పదకొండింటికి రావాలి, ఒంటిగంటకి వచ్చింది. డేల్ రెండుసార్లు బయటికొచ్చి చూశాడు. ఆమె రెండుసార్లూ నోట్సులో పేజీ తిప్పింది. నాలుగున్నరకి అతను చేతులు తుడుచుకుంటూ పాత బెల్ట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంచు పీచులుగా లేచింది. వంచితే పళ్ళ మధ్య పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. రెండు పళ్ళు లేనే లేవు.

"లిటిల్ రాక్ దాకా వెళ్ళేదా?" అంది.

"వెళ్ళేదేమో. నా కూతురైతే పంపను."

ఐదు కాకుండా బయల్దేరింది. అంత దూరం ఒంటరిగా నడపడం అదే మొదలు. కొండ ఎక్కుడులో పెద్ద లారీలు రెండు పక్కలా రొద పెడుతుంటే స్టీరింగ్‌ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. వేడి ముల్లు మాత్రం గీత మధ్యలో అంటుకున్నట్టు నిలబడింది. కాళ్ళకి వెచ్చగా గాలి తగిలింది. మూడు చలికాలాలు ఆ హీటర్ పాడైందనే అనుకున్నారు. కూలెంట్ లేకే అలా ఉండేదని కూలెంట్ నింపాకే తెలిసింది. సొరంగం దాటి దిగుడు మొదలయ్యాక మహేశ్వరి ఏడ్చింది. భయంతో కాదు. మూడేళ్ళలో మొదటిసారి తను అనుకున్న పని మీద, తను బాగుచేసుకున్న బండిలో, తను వెళ్తోంది.

మర్నాడు ఎనిమిదింటికి పరీక్ష రాసింది. సాయంత్రానికి ఇంటికొచ్చింది. తర్వాతి ఏకాదశికి డిప్‌స్టిక్ తీసి చూసింది.

మార్చి మొదటి వారంలో రెండు కబుర్లు ఒకే రోజు వచ్చాయి. మహేశ్వరి పాసైంది. అమర్‌నాథ్ ప్రాజెక్టు, ఈసారి నిజంగానే, అయిపోయింది. ఆష్‌బర్న్‌లో ఇంకోటి దొరికింది. ఆ మాంద్యంలో దొరకడమే గొప్ప. అతను భార్య చేయి పట్టుకుని మనసారా సంతోషించాడు. తర్వాత అలవాటు ప్రకారం తెలుగువాళ్ళ గ్రూపుకి మెయిల్ పెట్టాడు: సోఫా, మంచాలు, గ్రైండర్, ఏడు సీట్ల ఎస్‌యూవీ, నో ప్రాబ్లమ్స్.

"రోజర్స్ రీహాబ్ ఆసుపత్రి వాళ్ళు నాకు వీసా పేపర్లు వేస్తామంటున్నారండీ. ఈ లైసెన్సు ఈ రాష్ట్రానికే," అంది మహేశ్వరి.

"అక్కడా ఆసుపత్రులుంటాయి కదా. ట్రాన్స్‌ఫర్ చేయించుకోవచ్చు. మెల్లగా చూద్దాం."

ఆ 'మెల్లగా' అన్న మాట ఆమెకి బాగా తెలుసు.

ఆదివారం బండి చూడ్డానికి కొత్తగా దిగిన జంట వచ్చింది. అనీష్, భావన. అనీష్ అమర్‌నాథ్‌తో మైళ్ళూ ధరా మాట్లాడుతుంటే, మహేశ్వరి భావనని బానెట్ దగ్గరికి పిలిచి అన్నీ చూపించింది. బెల్ట్, పంప్, టైర్లు, గోళీల గొట్టం, చివరికి ఫ్రిజ్ మీదినుంచి తెచ్చిన క్యాలెండరు కూడా. భావన శ్రద్ధగా విన్నది.

"బండితో పాటు నీళ్ళ బాటిల్ ఒకటి ఇస్తారని శ్రీధర్ గారు ఫోన్‌లో చెప్పారక్కా," అంది.

"ఇప్పుడు దాంతో పని లేదమ్మా."

భావన బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఒకటి అడగనా అక్కా? ఇన్ని చేసుకున్నారు కదా. మరి ఎందుకమ్ముతున్నారు?"

అమర్‌నాథ్ తాళాలు చేతిలో పట్టుకుని భార్య వైపు చూశాడు. మహేశ్వరి బానెట్ దించి మూసింది.

"అమ్మట్లేదమ్మా. మీకు అనవసరంగా శ్రమ ఇచ్చాం. మీరు వేరే ఏ బండి చూసినా నన్ను పిలవండి, గొట్టం తీసుకుని వస్తాను." తర్వాత భర్తతో అంది, "నేను ఈసారి రావట్లేదండీ. నేను, నమ్రత ఇక్కడే ఉంటాం."

అమర్‌నాథ్ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు సోఫా, మంచాల ప్రకటన తనే తీసేశాడు. ఆష్‌బర్న్‌లో నలుగురు కుర్రాళ్ళతో గది చూసుకున్నాడు. రెండు వారాలకోసారి వచ్చిపోతానన్నాడు. దానివల్ల ముగ్గురూ కష్టపడ్డారు, దాచడానికేం లేదు. నమ్రత నాన్న కోసం ఏడ్చిన శనివారాలున్నాయి.

మొదటిసారి విమానాశ్రయంలో దింపినప్పుడు అతను పెట్టె దించుకుని, కిటికీ దగ్గరికి తిరిగొచ్చాడు.

"కూలెంట్ చూసే రోజు ఎప్పుడు?"

"అమావాస్య. వచ్చే గురువారం."

"నేను ఫోన్ చేసి గుర్తు చేస్తాలే," అన్నాడు. ఆ బండి బాగోగుల గురించి అతను తనంతట తను అడిగిన మొదటి ప్రశ్న అది.

మహేశ్వరి ఇంటికి తిన్నగా వెళ్ళలేదు. కొండల్ రావు గారింటి ముందు ఆగి, జయంతిని కరివేపాకు పిలక అడిగింది. దాన్ని కుండీలో పాతి వంటింటి కిటికీలో పెట్టింది. డిక్కీలోంచి పాత సీసా తెచ్చి, మూతకి నాలుగు చిల్లులు పొడిచి, మొక్కకి నీళ్ళు పోసింది.